ఏడు శాతం ఉండగా రెండు రూపాయల వడ్డీ ఎందుకు?

రాత పరీక్ష నన్ను అంతగా భయపెట్టలేదు. లెక్కలు, రీజనింగు రోజూ చేస్తూ పోతే చేతికొస్తాయి. నా భయమంతా ఇంటర్వ్యూదే. గ్రామీణ బ్యాంకు ఆఫీసర్ స్కేల్-1 ఇంటర్వ్యూకి ఎలా తయారయ్యానో, మధ్యలో ఎంత చెదిరిపోయానో రాస్తున్నాను. మా వైపు బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్లలో కొందరికైనా ఇలాంటి రోజులు వస్తాయి.

మాది పల్నాడు జిల్లా రాజుపాలెం. సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ల వెళ్లే దారిలో ఉంటుంది. నాన్నకు సొంతం ఒక ఎకరం. మరో మూడెకరాలు కౌలుకు చేస్తాడు. మిరప, పత్తి వేస్తాడు. నేను 2020లో బీటెక్ పూర్తి చేశాను. కరోనా ఏడాది. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది, ఆఫర్ లెటర్ కూడా చేతికి వచ్చింది. చేరే తేదీని వాయిదా వేస్తూ వెళ్లారు, చివరికి మెయిళ్లకు జవాబు ఇవ్వడం మానేశారు. మరుసటి ఏడాది మిరపకు నల్ల తామర పురుగు వచ్చింది. 2021 చివర్లో పల్నాడులో మిరప వేసిన రైతులెవరూ ఆ పురుగును మర్చిపోరు. పూతలోకి దూరి పూతంతా రాల్చేసింది. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. మా మూడెకరాల మిరపా పోయింది.

తర్వాత బ్యాంకు పరీక్షల్లోకి వచ్చాను. 2024 ఆగస్టులో ప్రిలిమ్స్, సెప్టెంబరు చివర్లో మెయిన్స్ రాశాను. మెయిన్స్‌లో పాసయ్యాను. ఇంటర్వ్యూ నవంబరులో.

తెలియనివాళ్ల కోసం ఇక్కడే చెబుతాను. ఇంటర్వ్యూకి వంద మార్కులు. జనరల్ వాళ్లకు కనీసం 40 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 35. అది రాకపోతే రాతలో ఎంత వచ్చినా లాభం లేదు. తుది జాబితాలో మెయిన్స్‌కు 80 పాళ్లు, ఇంటర్వ్యూకి 20 పాళ్లు. ఈ లెక్క నేను రోజూ కాగితం మీద వేసేదాన్ని. నా మెయిన్స్ మార్కులు గట్టు మీదున్నాయి. ఇంటర్వ్యూలో బాగా వస్తే పైకి, రాకపోతే కిందికి. ఆ లెక్క వేసిన రాత్రి నిద్ర వచ్చేది కాదు. అయినా మర్నాడు మళ్లీ వేసేదాన్ని.

తయారీలో మొదటి వారం నంద్యాల వెళ్లాను. బ్యాంకు కోచింగ్ అంటే మా రాష్ట్రంలో నంద్యాలే. నరసరావుపేటలో రైలెక్కితే వినుకొండ, మార్కాపురం, గిద్దలూరు దాటి తీసుకెళ్తుంది. రాత పరీక్షకు అక్కడే చదివాను కాబట్టి గదిలో పాత స్నేహితురాళ్లు ఉన్నారు. ఇంటర్వ్యూ కోర్సులో ప్రశ్నలూ జవాబులూ ఉన్న మెటీరియల్ ఇచ్చారు. గ్రామీణ బ్యాంకులో వాటాలెవరివి? కేంద్రం 50, రాష్ట్రం 15, స్పాన్సర్ బ్యాంకు 35. మొదటి గ్రామీణ బ్యాంకులు ఎప్పుడు పెట్టారు? 1975 అక్టోబరు 2న, నరసింహం వర్కింగ్ గ్రూపు సిఫార్సు తర్వాత. ప్రాధాన్య రంగానికి ఎంత ఇవ్వాలి, అందులో వ్యవసాయానికి ఎంత? ఇవన్నీ నోటికి వచ్చేశాయి. మా జిల్లా గురించి కూడా తయారు చేసుకున్నాను. 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, కేంద్రం నరసరావుపేట. కారంపూడి, పల్నాటి యుద్ధం. పుల్లరి కట్టబోమని తిరగబడి 1922లో ప్రాణమిచ్చిన కన్నెగంటి హనుమంతు. వినుకొండలో పుట్టిన జాషువా. పులిచింతల ప్రాజెక్టు, దాని నీళ్లలో మునిగిన కొల్లూరు వజ్రాల గనులు. ఏది అడిగినా చెప్పగలననుకున్నాను.

మాక్ ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. మొదటి ప్రశ్నే, బీటెక్ అయ్యాక నాలుగేళ్లు ఏం చేశారని. మెటీరియల్‌లో ఉన్న జవాబు నాకు కంఠస్థం. ‘ఐ యూటిలైజ్డ్ దిస్ టైమ్’ అని మొదలుపెట్టాను. మూడో మాట దగ్గర ఆగిపోయాను. గొంతు పట్టుకున్నట్టయింది. అరచేతులు చెమటలు పట్టాయి. ఒకాయన ‘టేక్ యువర్ టైమ్’ అన్నాడు. ఆ టైమ్‌లో నాకు ఒక్క అక్షరం కూడా గుర్తురాలేదు. బయట అమ్మాయిలు వరుసగా కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్యలోంచి బాత్రూమ్‌లోకి వెళ్లి వాంతి చేసుకున్నాను.

అలా మళ్లీ మళ్లీ జరిగింది. కొన్నిసార్లు రెండు ప్రశ్నలు దాటేదాన్ని. ‘మీ నాన్నగారు ఏం చేస్తారు’ దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగేది. గదిలో ఒక అక్క ఉండేది, ఒంగోలు వైపు ఆవిడ, నాకంటే పెద్దది. ఆ రాత్రుళ్లు ఆమె నా పక్కన కూర్చుని వీపు నిమిరేది. ఏమీ అడిగేది కాదు. చివరికి ఆమే చెప్పింది, ‘నువ్వు ఇక్కడుంటే ఇంకా పాడైపోతావు, ఇంటికెళ్లు’ అని. రైలు టిక్కెట్టుకు డబ్బులు కూడా ఆమే పెట్టింది. ఆ ఏడాది ఆమెకు మెయిన్స్ పోయింది. ఆ బాధ పక్కన పెట్టి నన్ను చూసుకుంది. ఆ సంగతి నాకు అప్పుడు సరిగ్గా అర్థం కాలేదు.

ఇంటికి వచ్చాక ఎవరికీ ఏమీ చెప్పలేదు. అమ్మ మాత్రం గమనించింది. అన్నం దగ్గర ‘తినకుండా చదివితే బుర్రకెక్కదు’ అంది, అంతే. రెండో రోజో మూడో రోజో మా స్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారి దగ్గరికి వెళ్లాను. వెళ్లింది సర్టిఫికెట్ జిరాక్స్‌ల మీద అటెస్టేషన్ కోసం. సంతకం పెడుతూ ‘ఏమ్మా, అలా ఉన్నావేంటి’ అన్నారు. అక్కడే ఏడ్చేశాను. ఆయన పిడుగురాళ్లలో తన చిన్ననాటి స్నేహితుడు, రిటైరైన బ్యాంకు మేనేజరు ఒకాయన ఉన్నారని చెప్పి, ఆయనకు ఫోన్ చేశారు. ఆ మేనేజరు గారు మర్నాడే రమ్మన్నారు.

ఈ మేనేజరు గారి గురించి కొంచెం ఎక్కువ రాయాలి. నేను నిలబడింది ఆయన వల్లే. ఆయన ఇల్లు సున్నపు బట్టీల వైపు వెళ్లే రోడ్డులో ఉంది. వరండాలో కుర్చీలు పొద్దున తుడిచినా మధ్యాహ్నానికి తెల్లటి దుమ్ము పట్టేవి. నేను మెటీరియల్ తీసుకెళ్లాను. ఆయన దాన్ని తెరవలేదు. ఒక తెల్ల కాగితం ఇచ్చారు. ‘నిన్ను ఏమడిగితే చచ్చిపోవాలనిపిస్తుందో అవి రాయి. బ్యాంకింగు ప్రశ్నలు వద్దు’ అన్నారు.

చాలాసేపు ఏమీ రాయలేదు. తర్వాత రాశాను. నాలుగేళ్లు ఏం చేశావు? మీ నాన్న బ్యాంకు అప్పు కట్టాడా? ఇంగ్లీషు ఎందుకు రాదు? పెళ్లయితే ఉద్యోగం చేస్తావా? రాసి ఇస్తుంటే చెయ్యి వణికింది.

ఆయన చదివి, మొదటిదానికి తెలుగులో జవాబు చెప్పమన్నారు. ‘చదువుకున్నాను సార్’ అన్నాను. ‘చదువుకోని రోజుల్లో?’ అన్నారు. ఆయన అలా అడుగుతూనే ఉన్నారు. చివరికి చెప్పాను. ఆఫర్ పోయాక సాయంత్రాలు ట్యూషన్లు చెప్పాను. సీజన్‌లో అమ్మతో పాటు మిరప కోతలకు కూలికి వెళ్లాను. కోల్డ్ స్టోరేజీ దగ్గర కాయలకు తొడిమలు తీసే పనికి కూడా వెళ్లాను. రాత్రి చేతులు మండుతుంటే పుస్తకం పట్టుకోలేకపోయేదాన్ని. బీటెక్ చేసి తొడిమలు తీస్తోందని ఎవరైనా చూస్తారేమోనని ముఖానికి చున్నీ చుట్టుకుని కూర్చునేదాన్ని. ఈ సంగతి నంద్యాలలో గదిలో ఉన్నవాళ్లకు కూడా చెప్పలేదు.

ఆయన అన్నారు: ‘తాలు కాయకూ మంచి కాయకూ తేడా తెలుసా నీకు?’ తెలుసన్నాను. ‘టిక్కీ బస్తా ఎంత బరువుంటుంది, కోల్డ్ స్టోరేజీ రసీదు మీద రైతుకు అప్పు ఎలా ఇస్తారు?’ మొదటిది తెలుసు, రెండోది తెలియదు. ‘రెండోది నేను చెబుతాను. మొదటిది నువ్వు ఆ గదిలో చెప్పు. గ్రామీణ బ్యాంకుకు కావాల్సింది అది తెలిసిన మనిషే.’ నాకు నమ్మకం కలగలేదు. కానీ ఆ రోజు గొంతు ఆగలేదు.

ఇంగ్లీషు విషయంలో ఆయన నాకు రోణంకి గోపాలకృష్ణ గురించి చెప్పారు. శ్రీకాకుళం జిల్లా పారసంబ ఊరి నుంచి వచ్చి, టీచరు ఉద్యోగం చేస్తూ, 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నాయన. మెయిన్స్ తెలుగులో రాసి, ఇంటర్వ్యూ కూడా అనువాదకుణ్ని పెట్టించుకుని తెలుగులోనే ఇచ్చారు. ఆ పేరు అంతకుముందే విన్నాను. ఇంటర్వ్యూ సంగతి తెలియదు. ‘అక్కడే తెలుగులో మాట్లాడనిచ్చారు. నీది గ్రామీణ బ్యాంకు, స్థానిక భాష రావాలని నోటిఫికేషన్‌లోనే ఉంది. మొదటి రెండు జవాబులు ఇంగ్లీషులో చెప్పు. ఆగిపోతే, తెలుగులో చెప్పొచ్చా అని అడుగు. అడగడానికి సిగ్గు పడకు’ అన్నారు. అడిగే ఆ ఒక్క వాక్యాన్ని ఇంగ్లీషులో నాతో ఎన్నోసార్లు అనిపించారు.

రెండో ప్రశ్న మిగిలింది. నాన్న అప్పు. దానికి జవాబు నాకే తెలియదు. మా ఇంట్లో అప్పుల మాట పిల్లల ముందు రాదు. ‘వెళ్లి అడుగు. వివరాలు తెలియకుండా ఆ కుర్చీలో కూర్చోకు’ అన్నారు మేనేజరు గారు.

ఇంటర్వ్యూ ఇంకా వారం ఉందనగా ఒక రాత్రి అడిగాను. నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. ‘నాన్నా, మన అప్పులెంత?’ అన్నాను. ఎందుకన్నాడు. ఇంటర్వ్యూలో అడగొచ్చన్నాను. ‘ఇవి కూడా అడుగుతారా అమ్మా?’ అన్నాడు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. అమ్మ లేచి వాకిలి తలుపు మూసింది. నాన్న బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో పాసుపుస్తకం, బంగారం తాకట్టు రసీదు, మూడు ప్రామిసరీ నోట్ల జిరాక్స్‌లు ఉన్నాయి. సొంత ఎకరం మీద పంట రుణం ఉంది, కట్టక గడువు దాటిపోయింది. కౌలు పొలం పెట్టుబడి మొత్తం బయటి అప్పే, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. నేను లెక్క రాస్తూ ఉంటే నాన్న ఒక్కొక్కటీ చెప్పాడు. అసలూ వడ్డీ కలిపి ఆరు లక్షలు దాటింది. నా చదువు కోసం తెచ్చింది కూడా అందులో ఉంది. అది అప్పుడే తెలిసింది.

చివర్లో నాన్న ఒక్క మాట అన్నాడు. ‘అబద్ధం చెప్పొద్దు. కానీ అప్పిచ్చినోళ్ల పేర్లు చెప్పకు. కష్టానికి ఇచ్చారు.’

మర్నాడు ఆ కాగితం మేనేజరు గారికి చూపించాను. ఇక్కడి నుంచే నేను నిజంగా బ్యాంకింగు నేర్చుకున్నాననిపిస్తుంది. మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులో కడితే 3 శాతం తగ్గి 4 పడుతుంది. ఇది పుస్తకంలో చదివాను. గడువు దాటితే ఆ రాయితీ పోతుందని మా పాసుపుస్తకంలో చూశాను. మామూలు అప్పు 90 రోజులు బాకీ పడితే మొండి బాకీ. తక్కువ కాలం పంటలకైతే రెండు పంట కాలాలు దాటాలి. మా అప్పు ఎప్పుడు మొండి బాకీ అయిందో తేదీలతో లెక్క వేయించారు. రుణమాఫీ గురించి కూడా అడగవచ్చన్నారు. 2014లో రాష్ట్రంలో కుటుంబానికి లక్షన్నర దాకా మాఫీ వచ్చింది, యాభై వేలు దాటినవాళ్లకు విడతలుగా. ‘మాఫీ మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పకు. మీ ఇంట్లో ఏం జరిగింది, తర్వాత బ్యాంకులో ఏం జరిగింది, ఆ రెండే చెప్పు’ అన్నారు. ఈ సలహా ఎవరికైనా పనికొస్తుంది. పార్టీల వాదనలా చెబితే అక్కడే పట్టుకుంటారు.

ఇంటర్వ్యూ ముందు రోజు సాయంత్రమే తమ్ముణ్ని తోడు తీసుకుని అది జరిగే ఊరు చేరాను. చీర పిన్నితో ఇప్పించింది అమ్మ. కాగితాలన్నీ ఫైల్లో పెట్టి తమ్ముడు రెండుసార్లు సరిచూశాడు. ఆ రాత్రి కూడా నిద్ర పట్టలేదు. తెల్లారి ఇడ్లీ తినలేకపోయాను. అరటిపండు తిన్నాను. మళ్లీ వాంతి అవుతుందన్న భయంతో కవరు ఒకటి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఎవరికైనా అలా అవుతుంటే మీరూ పెట్టుకోండి. ఉందన్న ధైర్యం వల్లేమో, అవసరం పడలేదు.

కాగితాల తనిఖీ అయ్యాక చాలాసేపు కూర్చోబెట్టారు. నా ముందు వెళ్లినవాళ్లు బయటికి రాగానే అందరూ ‘ఏమడిగారు’ అని చుట్టుముట్టేవారు. నేను వెళ్లలేదు. నా పేరు పిలిచినప్పుడు మోకాళ్లలో బలం లేదు.

లోపల నలుగురు. ఒకావిడ ఉన్నారు. మొదట నా గురించి చెప్పమన్నారు, ఇంగ్లీషులోనే చెప్పాను. గ్రామీణ బ్యాంకుల చట్టం ఏ సంవత్సరం అన్నారు. 1976. నాకు బాగా తెలుసు. రాలేదు. ‘గుర్తు రావడం లేదు సార్’ అన్నాను. పర్వాలేదన్నట్టు తలూపి తర్వాతిదానికి వెళ్లారు. నాలుగేళ్ల ప్రశ్న వచ్చింది. రెండు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పి, తెలుగులో చెప్పొచ్చా అని అడిగాను. పెద్దాయన చెప్పమన్నారు. ట్యూషన్లు, కోతలు, తొడిమల పని అన్నీ చెప్పాను. గొంతు వణికింది కానీ ఆగలేదు. ఆవిడ కోల్డ్ స్టోరేజీలో కూలి ఎలా లెక్కిస్తారని అడిగారు. చెప్పాను.

చివర కూర్చున్నాయన అప్పటిదాకా మాట్లాడలేదు. నాన్న కౌలు రైతని విని, పెట్టుబడి ఎక్కడిదన్నారు. బయటి అప్పు, రెండు రూపాయల వడ్డీ అన్నాను. ‘అంటే ఏడాదికి?’ ‘24 శాతం సార్.’ ‘బ్యాంకు 7 శాతానికి ఇస్తుంటే మీ నాన్నగారు 24కి ఎందుకు తెచ్చారు?’

ఆ కాగితం కళ్ల ముందు కనిపించింది. చెప్పాను. ‘కౌలు భూమి మీద పంట రుణం రావాలంటే సాగుదారు హక్కు పత్రం ఉండాలి సార్. 2019 చట్టం ప్రకారం దానికి పదకొండు నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతారని వాళ్ల భయం. మా యజమాని పెట్టలేదు. ఆ భూమి మీద ఆయనే అప్పటికి పంట రుణం తీసుకుని ఉన్నారు.’

‘మీ సొంత ఎకరం మీద అప్పు?’

‘ఉంది సార్. బాకీ పడింది. తామర పురుగు వచ్చిన ఏడాది నుంచి కట్టలేదు.’

ఈ మాట బయటికి వచ్చాక ఇక అయిపోయిందనుకున్నాను. ఆయన మళ్లీ అడిగారు. ‘పంట పోయినప్పుడు అప్పు గడువు మార్చే ఏర్పాటు ఉందా?’ ఉందన్నాను. రిజర్వు బ్యాంకు ప్రకృతి వైపరీత్యాల జాబితాలో పురుగు దాడి కూడా ఉందని, ప్రభుత్వం ప్రకటించాల్సి ఉంటుందని చెప్పాను. ‘మీ నాన్నగారు అడిగారా?’ ‘లేదు సార్. అడగొచ్చని మాకు తెలియదు.’ ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. మీరు మేనేజరైతే అలాంటి రైతుకు ఏం చేస్తారన్నారు. నలుగురి నుంచి పదిమంది దాకా కౌలు రైతులను ఉమ్మడి పూచీ గ్రూపుగా చేర్చి అప్పు ఇవ్వొచ్చని చెప్పాను. మేనేజరు గారు నేర్పింది అది.

ఆవిడ చివరి ప్రశ్న వేశారు. రేపు పెళ్లయి, భర్త హైదరాబాదులో ఉండి, మీకు మారుమూల బ్రాంచి వస్తే? ఎక్కడికైనా వెళ్తానన్నాను. నాకే నమ్మకంగా వినిపించలేదు. ఆవిడకు కూడా వినిపించి ఉండదు. థ్యాంక్యూ అన్నారు.

బయటికి వచ్చి తమ్ముడి భుజం పట్టుకుని మెట్లు దిగాను.

జనవరిలో జాబితా వచ్చింది. ఆఫీసర్ జాబితాలో నా పేరు లేదు, రిజర్వ్ లిస్టులో ఉంది. ఇంటర్వ్యూ మార్కులు కనీస అర్హత కంటే బాగానే పైన ఉన్నాయి. మెయిన్స్ తక్కువైంది. నేను ఇన్ని వారాలు భయపడింది ఇంటర్వ్యూకి, కింద పడేసింది రాత పరీక్ష. రిజర్వ్ లిస్టు నుంచి పిలుపు రాలేదు. అదే ఏడాది ఆఫీస్ అసిస్టెంట్‌కి కూడా రాశాను, దానికి ఇంటర్వ్యూ ఉండదు. అందులో వచ్చింది. ఇప్పుడు అందులోనే పని చేస్తున్నాను. 2025 మే 1న రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి, ప్రధాన కార్యాలయం అమరావతి. కొత్తగా చదివేవాళ్లు పాత మెటీరియల్‌లో నాలుగు బ్యాంకులని ఉంటే దిద్దుకోండి.

జీతం నుంచి నెలకు కొంత నాన్న పంట రుణంలో జమ చేస్తున్నాం. బయటి అప్పు వడ్డీ వరకే కడుతున్నాం. అసలు అలాగే ఉంది.

నంద్యాల అక్క ఈ మధ్య క్లర్కుగా ఎంపికైంది. రైలు టిక్కెట్టు డబ్బులు పంపితే తిప్పి పంపేసింది. మేనేజరు గారికి ఇప్పుడు చూపు సరిగ్గా లేదు. నేను మళ్లీ ఆఫీసర్‌కి రాస్తున్నానని చెబితే, ఆదివారం రమ్మన్నారు. వెళ్లాను. మళ్లీ తెల్ల కాగితం ఇచ్చారు. ఈసారి రాయడానికి ఒక్కటే ఉంది, ఆ పెళ్లి ప్రశ్న. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఉద్యోగం ఎక్కడుంటే అక్కడికి వెళ్తానని అమ్మానాన్నలతో ఇంతవరకూ గట్టిగా అనలేదు. ‘ముందు వాళ్లతో మాట్లాడి రా, తర్వాత జవాబు తయారు చేద్దాం’ అన్నారు ఆయన. ఇంకా మాట్లాడలేదు.